వెనక వంతువాడే కావలి

అది 2009 యాసంగి పంట కాలం. నేను ఒక మొబైల్ కంపెనీలో రేడియో ఇంజినీరుగా పనిచేస్తుండేవాణ్ణి. బాన్సువాడ చుట్టుపక్కల టవర్లు నా చేతికింద ఉండేవి, ఇటు వర్ని దాకా, అటు జుక్కల్ దాకా. రేడియో ఇంజినీరు అనగానే మా చుట్టాల్లో సగంమంది నేను రేడియోలు బాగుచేస్తాననుకున్నారు. మా పెద్దమ్మ ఒకావిడ పాడైపోయిన టేప్‌రికార్డరు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చింది కూడా. నిజానికి నేను చేసేది వేరే పని. ఏ టవరు ఎంత దూరం పలకాలి, ఒకేసారి ఎంతమందికి జవాబివ్వాలి, ఒకదానిమీద ఒకటి అరుచుకునే రెండు టవర్లలో ఏది గొంతు తగ్గించుకోవాలి, ఇవన్నీ చూడాలి. ఒక్క మాటలో చెప్పాలంటే బేరం.

బేరం నాకు పుట్టుకతో వచ్చింది. మా బాపుకు బాన్సువాడ బజారులో బట్టల దుకాణం. గల్లా పక్కన కూర్చునే అక్షరాలు దిద్దాను. ఎంత గొప్ప బేరగాణ్ణంటే, ఒకసారి హెల్మెట్‌ను సగం ధరకు సాధించి ఇంటికి తెచ్చాను. దానికి గడ్డం కింద పట్టీ లేదని మా ఆవిడ చూపించింది. "ఇంకొంచెం బేరమాడితే ఉత్త డబ్బా ఇచ్చి పంపేటోళ్లు" అంది. నా బేరాల సంగతి చదివేవాళ్లకు ముందే తెలిసి ఉండటం మంచిదని ఇది చెబుతున్నాను.

ఆ యాసంగిలో నిజాంసాగర్ దారిలో ఉన్న ఒక ఊరి టవరు నన్ను వేధించడం మొదలుపెట్టింది. కాలువ నీళ్లు ఆ ఊళ్లో సగం పొలాలకే అందుతాయి. ఎత్తుగడ్డ మీదున్న మిగతా సగం బోర్లమీద బతుకుతుంది. ఫిర్యాదు ఏమిటంటే, వ్యవసాయానికి త్రీ ఫేజు కరెంటు రాగానే ఊళ్లో ఎవరి ఫోనూ కలవదు. అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈనలేక అవస్థపడుతున్న బర్రె కోసం పశువుల డాక్టరుకు ఫోను చేసి చేసి, చివరికి ఒకాయన సైకిలెక్కి వెళ్లి తీసుకొచ్చాడట. సిగ్నల్ చూస్తే నిండుగా ఉంటుంది. నంబరు నొక్కితే మాత్రం "నెట్‌వర్క్ బిజీ".

ఇక్కడ కొంచెం మా విద్య చెప్పాలి. మనం ఫోనులో నంబరు నొక్కగానే నేరుగా మాట మొదలవదు. ముందు ఫోను టవరును అడగాలి: "నేనొచ్చాను, ఫలానా నంబరు కావాలి, చోటుందా?" ఈ అడగడం, చెప్పడం జరిగే సన్నని దారిని కంట్రోల్ ఛానెల్ అంటాం. అది కుదిరాకే మాటలు నడిచే పెద్ద దారి, ట్రాఫిక్ ఛానెల్, దొరుకుతుంది. మా దుకాణంలో లోపల తెల్లటి పరుపు మీద ఇరవైమంది దర్జాగా కూర్చోవచ్చు. కానీ గడప దగ్గర "రా అక్కా, ఏం గావాలె? చీరెనా, జాకిటి గుడ్డనా?" అని అడిగి లోపలికి పంపే గుమాస్తా ఒక్కడే. పండగ ముందు అందరూ ఒక్కసారి వచ్చి గడప దగ్గర తోసుకుంటే లోపల పరుపు ఖాళీగానే ఉంటుంది, బయట మాత్రం జాతర. ఆ టవరు గ్రాఫులో నాకు కనిపించింది అదే. పరుపు ఖాళీ, గడప దగ్గర తొక్కిసలాట. మా భాషలో దాన్ని కంట్రోల్ ఛానెల్ కంజెషన్ అంటారు.

తోసుకుంటున్నది మనుషులు కాదు, మోటర్లు. అప్పుడప్పుడే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. బోరు దగ్గరి స్టార్టరుకు ఒక డబ్బా తగిలిస్తారు, అందులో ఒక సిమ్, ఒక చిన్న బ్యాటరీ. కరెంటు రాగానే డబ్బా రైతు ఫోనుకు ఒక రింగ్ ఇస్తుంది. రైతు తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇస్తే మోటరు నడుస్తుంది, ఇంకోటి ఇస్తే ఆగుతుంది. ఎవరూ ఫోను ఎత్తరు కాబట్టి ఎవరికీ పైసా ఖర్చు లేదు. బేరగాణ్ణి కాబట్టి ఆ ఉపాయానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. కానీ ఉద్యోగం ఇచ్చిన కంపెనీ వైపు నుంచి చూస్తే వీళ్లు చీరలన్నీ విప్పించి చూసి, మంచినీళ్లు తాగి, "మళ్లొస్తం" అని లేచిపోయే గిరాకీలు.

ఆ ఒక్క టవరు కింద రెండు వందల పైచిలుకు డబ్బాలు చేరాయి. ఒకే డీలరు అమ్మినవి, ఒకే కంపెనీవి. కరెంటు వచ్చిన క్షణంలో అన్నీ ఒకేసారి టవరును పిలుస్తాయి. దారి దొరకనివి కాసేపాగి మళ్లీ పిలుస్తాయి. చిక్కు ఆ ఆగడంలోనే ఉంది. అన్నీ ఒకే ఫ్యాక్టరీ బుద్ధితో తయారైనవి కాబట్టి అన్నీ సరిగ్గా ఒకే అంత సేపు ఆగుతాయి. మళ్లీ అన్నీ ఒకేసారి లేస్తాయి, మళ్లీ గుద్దుకుంటాయి. ఇటు రైతులు కూడా రింగ్ రాలేదని చేత్తో మిస్డ్ కాల్స్ కొడుతుంటారు.

హైదరాబాద్‌లోని మా మేనేజరుకు ఇదంతా ఫోనులో చెప్పాను.

"ఆ సిమ్‌లన్నీ బ్లాక్ చేసెయ్" అన్నాడాయన. "టవర్ పెట్టింది మనుషుల కోసం, మోటర్ల కోసం కాదు."

"ఒక నెల టైమివ్వండి సార్, దారి చూస్తా."

"నెలా? పొలం కోతకు వస్తుంది అప్పటికి. సోమవారం వరకు."

నాకు కావలసింది వారమే. నెల అడగకపోతే రెండు రోజులిచ్చేవాడు. ఇది మా బాపు విద్య.

ఊళ్లో మొదట ఎవరిని కలవాలో తెలియక బడి దగ్గర బండి ఆపాను. వెనకాల వంటశాల రేకుల షెడ్డు. పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. పొయ్యి ముందు సాయవ్వ అనే ఆమె కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. బడి పిల్లలకు వండేది ఆమే. పొయ్యి పక్కన, బూడిద తగలకుండా ఇటుకమీద ఒక ఫోను నిలబెట్టి ఉంది. ఆమె కళ్లు సగంసేపు గిన్నెమీద, సగంసేపు ఫోనుమీద.

"ఎవలు సేటూ? బియ్యం సూడనీకి వచ్చిన ఆఫీసరువా?" అంది.

"కాదక్కా, ఫోన్ కంపెనీ. టవరు చూడటానికి వచ్చాను."

"మంచిగ వచ్చినవ్. ఇగో, కరెంటచ్చే యాళ్లయింది. నువ్వే సూడు తమాష."

కాసేపటికి షెడ్డులో బల్బు ఒకసారి మిణుకుమంది. దూరంగా పొలాల్లో ఒక మోటరు మొరిగింది. సాయవ్వ ఫోను మోగలేదు. ఆమె నంబరు నొక్కింది. బిజీ. గరిటె తిప్పింది, మళ్లీ నొక్కింది. బిజీ. నా ఫోను తీసి నేను నొక్కాను. నా సొంత కంపెనీ, నా సొంత టవరు, నాకూ బిజీయే.

"నీకు గూడ కలుస్తలేదా? మరి నువ్వెందుకయ్యా ఇంజినీరువు?" అని నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. "ఇంతకముందు నేనే పొలంకాడికి ఉరుకుతుంటి. కిలోమీటరు మీదుంటది. ఓపారి గట్లనే ఉరికితే అన్నం అడుగంటింది, పిల్లలకు మాడువాసన తిండి. బడి పెద్దసారు చెప్పిండు: 'సాయవ్వా, పొయ్యన్న సూడు, పొలమన్న సూడు. ఇంకోపారి గిట్లయితే వేరేటోళ్లను పెట్టుకుంట' అని. అందుకే గీ డబ్బ పెట్టిచ్చిన."

"ఇంట్లో ఇంకెవరూ లేరా మోటరు వెయ్యడానికి?"

"మా ఆయన గల్ఫ్‌ల. పిల్ల ఇంటర్ చదువుతుంది బాన్సువాడల. ఇద్దరి నడిమిట్ల నేనొక్కదాన్నే మోటర్ని." ఫోను మళ్లీ నొక్కింది. బిజీ. "గీ డబ్బ పనిచెయ్యకపోతే పొలం కౌలుకియ్యాలె. మా హన్మాండ్లు బావ ఎప్పటికెళ్లి అడుగుతుండు. మా ఆయనకు పెద్దనాయిన కొడుకే. ఇద్దరి పొలం నడుమ ఒక్క గట్టే అడ్డం. ఓపారి ఆయన చేతికి పోతే ఇగ నా చేతికి వస్తదా?"

నేను నేలచూపులు చూశాను. ఆమె నన్ను కాసేపు పరకాయించి చూసింది. బట్టల కొట్లో గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూసేవాళ్ల చూపు అది.

"నిజం చెప్పు సేటూ. కొయ్యనీకి వచ్చినవా, కలపనీకి వచ్చినవా?"

"కొయ్యమని పంపిండ్రు" అన్నాను. నా నోట కూడా ఊరి మాటే వచ్చింది. "కలపడానికి సోమవారం దాకా టైముంది."

బాన్సువాడ వెళ్లి డీలరును పట్టుకున్నాను. ప్రతి డబ్బాకూ డిలే అనే అమరిక ఉంది, అంటే కరెంటు వచ్చాక ఎంతసేపు ఆగి పని మొదలుపెట్టాలో చెప్పే ఏర్పాటు. ఒక ఎస్సెమ్మెస్‌తో మార్చవచ్చు. అన్నింటికీ అది సున్నా మీదే ఉంది. "సున్నా ఉంటేనే కొంటరన్నా" అన్నాడు డీలరు. మిస్డ్ కాల్ కోసం చూడకుండా మోటరు తానే వేసుకునేలా పెట్టి, ఒక్కో డబ్బాకు ఒక్కో డిలే ఇస్తే గడప దగ్గర ఒక్కొక్కరే వస్తారు. లెక్క పుస్తకంలో రాసినంత తేలిక. నాకు గర్వం కూడా కలిగింది.

మర్నాడు బడి వరండాలో రైతులను కూర్చోబెట్టాం. వాళ్లను పోగుచేసింది ఊరి కరెంటు లైన్‌మన్ యూసుఫ్ భాయ్. ఆయన రాకపోతే నన్ను ఎవరూ వినేవాళ్లు కాదు. నేను డిలే సంగతి చెప్పాను. "ఒకరి వెనక ఒకరు మొదలుపెడితే అందరికీ ఫోన్లు కలుస్తాయి" అన్నాను. ముందు వరసలో తలపాగాతో ఉన్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. ఆయనే హన్మాండ్లు.

"ఎవలు ముందు, ఎవలు ఎన్క?" అన్నాడు. "నా మోటరు ఎన్కవడ్డదనుకో, పక్క బోరోడు నీళ్లన్ని గుంజుకపోతడు. భూమి లోపట గట్లుంటయా సేటూ? బోర్లన్ని ఒక్క తల్లి పాలే తాగుతయి. ముందు నోరు పెట్టినోడిదే కడుపు నిండుడు."

మాట సబబే. కాపాడింది యూసుఫ్ భాయ్.

"హన్మాండ్లన్నా, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నిమాట్లు కాలింది గీ యాసంగిల?" అన్నాడు. "కరెంటచ్చుడు ఆలస్యం, అన్ని మోటర్లు ఒక్కపారే గుంజుతయి. అది ఇనుమే గని దెయ్యమా? కాలినంక చందాలేసుకుని ట్రాక్టర్ల ఏసుకుని బాన్సువాడ షెడ్డుకు మోసుడు, అది బాగయ్యేదాక నారు ఎండుడు. ఎన్క మొదలువెట్టినోనికి ఓల్టేజ్ మంచిగ దొరుకుతది. యాదుంచుకోండ్రి."

ట్రాన్స్‌ఫార్మరు మాట పనిచేసింది. అది కాలితే ముందున్నవాడికీ వెనకున్నవాడికీ నీళ్లుండవు. నేను బేరం అందుకున్నాను. అరనిమిషం తేడాతో భూమిలో నీళ్లు ఎక్కడికీ పోవన్నాను. ముందున్నవాళ్లు వచ్చేవారం వెనక్కి పోతారన్నాను. ఒక్కొక్కరే తలూపారు. హన్మాండ్లు కూడా ఊపాడు. సాయంత్రానికి డబ్బాలన్నిటికీ ఎస్సెమ్మెస్‌లు పోయాయి. బాన్సువాడ వెళ్లి ఘనంగా ఇరానీ చాయ్ తాగాను.

మరుసటి రోజు కరెంటు వచ్చే సమయానికి లాప్‌టాప్ పట్టుకుని టవరు కింద నిలబడ్డాను. కరెంటు వచ్చింది. గ్రాఫు నిటారుగా లేచింది, నిన్నటికంటే పైకి. పొలాల్లో మోటర్లు ఒక్క గొంతుతో అరిచాయి. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫట్‌మని ఒక చప్పుడు, అంతా నిశ్శబ్దం. ఫ్యూజులు ఎగిరిపోయాయి.

అందరూ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి చేరారు. ఎవరు ముందు మొదలుపెట్టారో తేల్చే పంచాయితీ మొదలైంది.

"నాది ఆగే మొదలైంది" అన్నాడొకడు.

"ఆగితే నా మోటరుతోని ఎట్ల మొరిగింది? నేను చెవిటోన్నా?"

డీలరుకు ఫోను చేస్తే సంగతి బయటపడింది. వరండాలో తలూపిన వాళ్లు ఇంటికి పోతూ ఒక్కొక్కరే అతనికి ఫోను చేశారు: "అన్నా, నా ఒక్కనిది సున్న మీద పెట్టు. ఎవలకు చెప్పకు." అతను ప్రతి ఒక్కరికీ పెట్టాడు. ప్రతి ఒక్కరికీ చెప్పాడు: "నీ ఒక్కనికే చేస్తున్న, ఎవలకు చెప్పకు." అందరూ నమ్మారు. ఊరంతా మొదటి వంతులో ఉంది, ప్రతివాడూ తానొక్కడే మొదటివాడననుకుంటూ.

నాకు కోపం రావాలి. కానీ నవ్వొచ్చింది. మా దుకాణంలో నేను నేర్చుకున్న మొదటి వాక్యం అదే: "నీకొక్కనికే ఈ ధర, బయట చెప్పకు." ఆ వాక్యంతోనే మా ఇల్లు గడిచింది, నా చదువు సాగింది. అది ఇక్కడ ట్రాన్స్‌ఫార్మరును కూల్చింది.

సున్నా అడగనిది సాయవ్వ ఒక్కతే. అడగాలని తోచక కాదు, పొయ్యి దగ్గర తీరిక లేక అని ఆమే చెప్పింది. బడి గంట అయ్యాక, చేతికి అంటిన పిండితోనే అక్కడికి వచ్చింది. ఆమె మోటరు వంతు రాకముందే కరెంటు పోయింది. మడిలో నాటు పడి నాలుగు రోజులు కాలేదు, మట్టి బీటలు విచ్చుతోంది.

"సిగ్గులేదా?" అంది అందరినీ కలిపి. "బావా, నీకు గూడనా? కాలువ నీళ్లకాడ ఎవలన్న గిట్ల చేస్తరా?"

"కాలువ వేరు సాయవ్వా" అన్నాడు హన్మాండ్లు, చూపు తిప్పుకుని.

"ఏం వేరు? కాలువ వంతుకాడ మంచోళ్లయి ఆగుతరా అందరు? ఎన్క వంతోడు పార పట్టుకుని గట్టుమీద నిలవడ్తడు, అందుకే ఆగుతరు! గీ డబ్బలకు కావలి ఎవడున్నడు? గీ సేటా? ఆయనకే ఫోను కలుస్తలేదు!"

అందరూ నవ్వారు, నాతో సహా. కానీ నవ్వుతూ నవ్వుతూ నేను ఆగిపోయాను. ఆ మాట నిజంగానే సమస్యలో సగం. వంతులు నేను బయటినుంచి పెట్టాను. ఒకడు వంతు తప్పితే నష్టపోయేవాడు అతని పక్కనే నిలబడి ఉండాలి, అప్పుడే వంతు నిలుస్తుంది. కాలువ దగ్గర మడవ తిప్పి నీళ్లు మళ్లించేది అధికారి కాదు, నీళ్లు తర్వాత ఎవరికి రావాలో ఆ మనిషే.

డబ్బా ఎవరికి రింగ్ ఇవ్వాలో మనమే నంబరు పెట్టవచ్చు. ఇంతవరకు ఆ నంబరు రైతుది. దాని బదులు పక్క డబ్బాది పెడితే? మొదటి డబ్బా కరెంటు రాగానే తానే మోటరు వేసుకుంటుంది. వోల్టేజీ కుదురుకునేంతసేపు ఆగి, రెండో డబ్బాకు రింగ్ ఇస్తుంది. ఆ రింగ్‌తో రెండోది మొదలై మూడోదాన్ని లేపుతుంది. అలా ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటర్లన్నీ ఒక దండ. దండలో ఎప్పుడు చూసినా ఒకే ఒక్క డబ్బా టవరును అడుగుతుంటుంది. తన పక్కదాన్ని లేపాక తీరిగ్గా రైతుకు ఒక రింగ్ ఇచ్చి, మోటరు నడుస్తోందని చెబుతుంది. మెషీన్ టు మెషీన్ అని మా కంపెనీ పత్రాల్లో పెద్ద అక్షరాలతో రాసేవారు. దాన్ని మొదటిసారి నేను ఆ ట్రాన్స్‌ఫార్మరు పక్కన నిలబడి చూశాను.

"అంటే నా మోటరు నడువాల్నంటే ముందటోని మోటరు నడువాలె" అన్నాడు హన్మాండ్లు, ఆలోచిస్తూ.

"అంతే. మధ్యలో ఎవరైనా దొంగతనంగా ముందు మొదలుపెడితే వెనకవాళ్లు కూడా ముందే మొదలవుతారు, అప్పుడు చప్పుడుకే దొరికిపోతారు. మధ్యలో ఎవరి డబ్బా చెడిపోయినా వెనకున్నవాళ్లందరికీ ఆగిపోతుంది."

"అగ్గో, గదే నా భయం. ఎవని డబ్బల్నో ఎలుక కొరికితే నా పొలం ఎండాల్నా?"

"ఆగితే చేత్తో మిస్డ్ కాల్ ఇచ్చుకోవచ్చు. కానీ మరుసటి రోజుకు ఆ డబ్బా బాగవాలి."

ఆ తర్వాత మళ్లీ బడి వరండాలో, ఎవరి వెనక ఎవరు అన్న బేరం. అంత కఠినమైన బేరం నేను మా దుకాణంలో కూడా చూడలేదు. కొందరికి పడదు, కొందరి మధ్య గట్టు తగాదాలున్నాయి, ఒకరి డబ్బా మరొకరి డబ్బాను లేపడం కూడా పరువు తక్కువ అన్నవాళ్లున్నారు. బేరం సాయవ్వ, హన్మాండ్లుల దాకా వచ్చింది. పక్కపక్క బోర్లు, కాబట్టి దండలో పక్కపక్కనే ఉండాలి. మర్యాదకు నేను, "పెద్దాయన ముందుంటాడు, నువ్వు వెనక ఉండక్కా" అన్నాను.

"వద్దు" అంది సాయవ్వ. "నేనే ముందు. బావ నా ఎన్క."

హన్మాండ్లు తలపాగా సవరించుకున్నాడు. "ఎందుకే? అరనిమిషంల నా నీళ్లు గుంజుకుందామనా?"

"నీళ్లకు గాదు బావా. నువ్వు నా ముందుంటే నా మోటరు నడిచిందా లేదా నీకేం ఫికరు? నువ్వు నా ఎన్కుంటే, నా మోటరు గురించి నాకన్న నీకే ఎక్వ ఫికరుంటది."

యూసుఫ్ భాయ్ గట్టిగా నవ్వాడు. "అన్నా, గీమె ముందట నువ్వేంది, గీ సేటేంది!" నేను ఒప్పుకున్నాను. అంతవరకు ఆ వరండాలో బేరం తెలిసింది నాకొక్కడికే అనుకుంటున్నాను.

హన్మాండ్లు ఊరికే ఒప్పుకోలేదు. మొదటి వారం దండకు తల తన మోటరే కావాలన్నాడు. వారం వారం తల మారుతుంది కదా, ఇచ్చాను. ఆయన గెలిచానని లేచాడు. సాయవ్వ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆదివారమంతా డీలరును పక్కన కూర్చోబెట్టుకుని నంబర్లు మార్చాం. సున్నా అడిగేవాళ్లు ఈసారి ఫోను చేయలేదు. చేసినా లాభం లేదు, దండలో డిలే అనేదే లేదు. సోమవారం నేను టవరు దగ్గరికి పోలేదు, బడి వంటశాలకు పోయాను. టవరు సంగతి లాప్‌టాప్ చెబుతుంది. నాకు కావలసింది ఇటుకమీది ఫోను.

బల్బు మిణుకుమంది. దూరాన ఒక మోటరు మొరిగింది, ఒక్కటే. కాసేపటికి ఇంకొకటి దానికి తోడైంది. ఆ తర్వాత మరొకటి. పెళ్లిలో పాటకత్తెలు ఒకరి తర్వాత ఒకరు గొంతు కలిపినట్టు. సాయవ్వ గరిటె తిప్పడం ఆపి వింటోంది. నేను నా ఫోను తీసి మా ఆవిడకు చేశాను. కలిసింది. "ఏంది?" అంది. "ఏం లేదు, కలుస్తుందా అని" అన్నాను. "దానికో ఫోనా?" అని పెట్టేసింది.

దండ గుండ్రంగా తిరుగుతుంది; తల హన్మాండ్లుది కాబట్టి, ఆయన ముందుండే సాయవ్వది ఆ వారం చిట్టచివర. చాలాసేపు పట్టినట్టనిపించింది. పప్పు దించింది. పిల్లలు పళ్లాలతో వరస కట్టడం మొదలుపెట్టారు. అప్పుడు ఇటుకమీది ఫోను ఒక్కసారి మోగి ఆగింది. సాయవ్వ దానివైపు చూసింది, చెంగుతో మొహం తుడుచుకుంది, అన్నం వడ్డించడానికి గిన్నె ఎత్తింది. నాకూ ఒక పళ్లెం పెట్టింది.

మేనేజరుకు గ్రాఫు పంపాను. చాలాసేపటికి ఫోను చేశాడు. "ఏ పారామీటర్ మార్చావ్?" అన్నాడు. టవర్లో ఏమీ మార్చలేదన్నాను. నమ్మలేదు. "శాశ్వతంగా ఉండనివ్వండి" అని అడిగాను. "ఈ సీజన్ వరకు" అన్నాడు. నాకు కావలసింది ఆ సీజనే. సీజను దాటాక ఆయన ఇంకో ప్రాంతానికి బదిలీ అయ్యాడు, వచ్చినాయన ఆ సిమ్‌ల ఊసే ఎత్తలేదు.

అన్నీ సుఖంగా జరిగాయని చెప్పను. ఒక దండ రెండు వారాలకే తెగింది, ఇద్దరు అన్నదమ్ములు ఒకరి డబ్బాలోంచి ఒకరు సిమ్ పీకేసుకున్నారు. ఇంకొకటి నేను కట్టిన వరస పనికిరాక రైతులే మార్చుకున్నారు. కానీ ఆ ఊళ్లో కరెంటు వచ్చిన వేళ ఫోన్లు కలవడం మాత్రం ఆగలేదు.

కోతలకు ముందు ఒకరోజు మహమ్మద్ నగర్ వైపు ఇంకో టవరు పనిమీద పోతూ ఆ ఇద్దరి పొలాల గట్టు దగ్గర బండి ఆపాను. సాయవ్వ వరి పొట్ట దాటి ఈనింది. ఆమె స్టార్టరు డబ్బా ముందు ఎవరో గొంతుకూర్చుని ఉన్నారు. దగ్గరికి పోతే హన్మాండ్లు. తలపాగా తీసి దానితోనే డబ్బా లోపల దుమ్ము దులుపుతున్నాడు. పక్కన గడ్డిలో చచ్చిన బల్లి ఒకటి పడి ఉంది.

"ఏం పెద్దాయనా, మీ డబ్బా అనుకున్నాను" అన్నాను.

"నాదే అయితే గింత ఫికరు పడుతుంటినా?" అన్నాడు తల ఎత్తకుండా. "పొద్దున నా మోటరు నడువలేదు. సూస్తే గీమె డబ్బల బల్లి సొచ్చింది. మూడోపారి. చెప్పి చెప్పి నోరు నొస్తుంది, మూత సక్కగ పెట్టదు. ఇగ నేనే కొత్త మూత తెచ్చిన." వైరు బిగిస్తూ గొణిగాడు. "పొలం కౌలుకియ్యమంటే ఇయ్యలె. ఇప్పుడు కౌలు లేకుండనే జీతగాన్నయిన."

మూత బిగించి, రెండుసార్లు కదిపి చూసి, నన్ను పట్టించుకోకుండా తన పొలంలోకి నడిచాడు.

తర్వాతి కాలంలో మెషీన్ల కోసం నెట్‌వర్కులో వేరే పద్ధతులొచ్చాయి. మీటర్లు, లారీలు, మోటర్లు ఒకేసారి టవరు మీద పడకుండా ఒక్కోదాన్ని ఒక్కో అంత సేపు ఆపే ఏర్పాట్లు. హైదరాబాద్‌లో మాకు శిక్షణ ఇచ్చారు, తెరమీద బొమ్మలు చూపించారు. మనిషికి విసుగు ఉంది కాబట్టి ఫోను కలవకపోతే పక్కన పెడతాడు, ఆ విసుగే టవరును కాపాడుతుంది; మెషీనుకు విసుగు లేదు, అందుకే దానికి ఆగడం నేర్పాలి అన్నారు. సరిగ్గానే చెప్పారు. అయితే ఆగమని చెప్పడం ఎస్సెమ్మెస్‌తో అయ్యే పనేనని, ఆ ఎస్సెమ్మెస్‌ను వెనక్కి తిప్పించడం ఒక్క ఫోనుతో అయ్యే పనని నాకు ముందే తెలుసు. ఇప్పుడు ఏ నెట్‌వర్కు పని నా చేతికొచ్చినా ముందు ఒకటే చూస్తాను. ఎవరు ముందు అన్నది కాదు. ముందున్నవాడి డబ్బాలో బల్లి దూరితే, వెనకున్నవాడు తలపాగా తీసి దులుపుతాడా లేదా అని.